ఎఫెక్టివ్, ఎఫిషియెంట్, ఎఫికసీ: మూడింటికీ ‘ప్రభావవంతం’ అని రాస్తే సరిపోతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అనువాదం పనిలో కొత్తగా చేరారు. ఎఫెక్టివ్, ఎఫిషియెంట్, ఎఫికసీ అనే మాటలు రోజూ తగులుతున్నాయి. మీరు ‘ప్రభావవంతమైన’ అని రాస్తే ఒక రివ్యూయర్ ‘సమర్థవంతమైన’ అని దిద్దుతున్నారు, ఇంకొకరు దాన్ని మళ్లీ ‘ఫలవంతమైన’ అని మారుస్తున్నారు. వీటిలో ఏది సరైనది అని అడుగుతూ మూడు వాక్యాలు ఇచ్చారు. ఒకటి వ్యవసాయ మోటారు పంపు బ్రోచర్‌లోది, ఒకటి టీకా గురించిన కరపత్రంలోది, మూడోది కంపెనీ పాలసీలో ‘ఎఫెక్టివ్ డేట్’.

సూటిగా చెప్పాలంటే ఆ మూడు చోట్లా మూడు వేరే మాటలు రాయాలి, మీ రివ్యూయర్లు కొట్టుకుంటున్న మూడు మాటల్లో ఒక్కటీ అక్కడ అవసరం లేదు. అనుకున్న ఫలితం వచ్చిందా అన్నది విషయమైతే ‘పనిచేస్తుంది’. ఎంత ఖర్చుతో వచ్చింది అన్నది విషయమైతే ‘తక్కువ కరెంటుతో’, ‘తక్కువ సమయంలో’ అని ఆ ఖర్చునే చెప్పాలి. తేదీ అయితే ‘అమల్లోకి వచ్చే తేదీ’. వీలైనంతవరకు విశేషణం వదిలేసి క్రియ వాడండి. మిగతాదంతా ఎందుకు అలా అన్నదానికి వివరణే. తీరిక ఉంటే చదవండి.

నేను ఈ పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మొదట ఒక పత్రికలో డెస్కు మీద, తర్వాత మందుల కరపత్రాలు, క్లినికల్ ట్రయల్ అంగీకార పత్రాలు, పురుగుమందుల లేబుళ్లు, ప్రభుత్వ ఉత్తర్వులు. మొదటి ఐదారేళ్లు నేనూ మీలాగే ‘ప్రభావవంతమైన’ అని కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి. అది మాన్పించింది నరసరావుపేట దగ్గర ఒక మిరప రైతు.

ఒక పురుగుమందు కరపత్రం తెలుగు చేశాను. అచ్చు వేసేముందు నలుగురు రైతులకు చదివి వినిపించమన్నారు. ఎరువుల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని చదివాను: “ఈ మందు రసం పీల్చే పురుగులపై సమర్థవంతమైన ప్రభావాన్ని చూపుతుంది.” నా మటుకు నాకు వాక్యం ముత్యంలా ఉంది. పెద్దాయన బీడీ పక్కన పెట్టి, “ఇంతకీ చస్తాయా, చావవా? అది చెప్పండి” అన్నాడు. నేను మళ్లీ అదే వాక్యం చదివాను, కాస్త నెమ్మదిగా. ఆయన పక్కవాడితో, “చావవులే, చచ్చేదైతే ఇంత తిప్పి చెప్పడు” అన్నాడు.

పదిహేనేళ్లు దాటింది, ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, మాటలూ తప్పు కావు. కానీ ఆయనకు కావలసిన సంగతి అందులో లేదు. దేని మీద పనిచేస్తుంది, చంపుతుందా తరిమేస్తుందా, ఎన్ని రోజులకు? ఇవేవీ చెప్పకుండా ‘సమర్థవంతమైన ప్రభావం’ అని ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే ఆంగ్ల మూలంలోనూ అవి లేవు. కానీ ఇంగ్లిష్‌లో ఆ లోటు కనపడలేదు, తెలుగులో చదివేసరికి బయటపడింది.

తెలుగులో దేని ‘ఎఫెక్టివ్’ దానిదే

ఇంగ్లిష్‌లో మందూ ఎఫెక్టివే, ఉపన్యాసమూ ఎఫెక్టివే, చట్టమూ, మేనేజరూ, బ్రేకులూ ఎఫెక్టివే. తెలుగువాడు అలా మాట్లాడడు. మందు పనిచేస్తుంది, లేదా గుణమిస్తుంది. ప్రయత్నం ఫలిస్తుంది. పాచిక పారుతుంది, ఎత్తు పారుతుంది, మంత్రం పారుతుంది. మాట చెల్లుతుంది. చెప్పిన పాఠం బుర్రకెక్కుతుంది. సలహా అక్కరకొస్తుంది. కత్తి తెగుతుంది. చట్టం అమలవుతుంది. శాపం తగులుతుంది. ఎరువు పైరుకు పడుతుంది. తెలంగాణలో అయితే “గోలీలు ఏస్కున్నా ఫరక్ పడలే” అంటారు. ఇందులో ఎక్కడా విశేషణం లేదు చూడండి. ప్రతి వస్తువుకూ అది చేయాల్సిన పని ఒకటి ఉంది, ఆ పని జరిగిందని చెప్పే క్రియా ఉంది.

పని జరగలేదని చెప్పడానికైతే మన దగ్గర ఇంకా పెద్ద సంత ఉంది. పప్పులుడకలేదు, ఒరిగిందేమీ లేదు, బూడిదలో పోసిన పన్నీరైంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది. పనికిరాని దాన్ని వర్ణించేటప్పుడు మనవాళ్ల నోరు ఎంత ఆడుతుందో పనికొచ్చే దాన్ని మెచ్చుకునేటప్పుడు అంత ఆడదేమో అని నా అనుమానం. “పర్లేదు, పనిచేసింది” అంటే చాలు, మనకది పెద్ద మెప్పే.

ఇక తెగుళ్ల దగ్గరా జబ్బుల దగ్గరా నాకు బాగా ఇష్టమైన మాట ‘లొంగడం’. పురుగు మందుకు లొంగింది, లొంగలేదు. డ్రగ్ రెసిస్టెంట్ టీబీని మన ఆరోగ్య సిబ్బంది ‘మందులకు లొంగని టీబీ’ అంటారు, ‘మొండి టీబీ’ అని కూడా అంటారు. ఆ మాటలు విన్న రోగికి ఇంకేమీ వివరించక్కర్లేదు. మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు ఉంటుంది. అది మధ్యలో ఆపేస్తే క్రిమి మొండికేస్తుందని చెబితే ఇంటికెళ్లి ఇంకొకరికి అదే మాటల్లో చెప్పగలడు. ‘ఔషధ నిరోధక క్షయపై ప్రథమ శ్రేణి చికిత్స ప్రభావరహితం’ అని రాసినవాణ్ణి కూడా చూశాను. అది ఎవరి కోసం రాసినట్టు?

బీటీ పత్తి సంగతీ అంతే. 2002లో మన దేశంలో అనుమతి వచ్చినప్పుడు అది కాయతొలుచు పురుగుల మీద బాగా పనిచేసింది. ఏళ్లు గడిచేకొద్దీ గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడి లొంగడం మానేసింది. ఇక్కడ ‘పనిచేసింది’, ‘లొంగడం మానేసింది’ అనే క్రియల్లో కాలం ఉంది గమనించారా? ‘బీటీ పత్తి ప్రభావవంతమైనది’ అన్నామనుకోండి. ఎప్పుడు? ఇప్పటికీనా? విశేషణం ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు.

‘ప్రభావం’ తో నాకున్న పేచీ

ప్రభావం మంచి మాటే, పాత మాట, పురాణాల్లో దేవుడి మహిమకు వాడిన మాట. కానీ ఇవాళ్టి పాఠకుడికి అది ఎక్కువగా ఎక్కడ కనిపిస్తోంది? తుపాను ప్రభావం, అల్పపీడన ప్రభావం, కరవు ప్రభావిత మండలాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు పేపర్లలో ఆ వారం రోజులు ‘ప్రభావిత’ అనే మాట ఎన్నిసార్లు చదివామో. దానికి తోడు దుష్ప్రభావం ఒకటుంది. ఇలా ఆ మాట చుట్టూ మెల్లగా ఒక చెడు వాసన చేరింది.

మందు దగ్గర ఇంకో తమాషా. “మందు ప్రభావంతో బండి నడిపాడు” అంటే ఏ మందో చెప్పక్కర్లేదు కదా. ఒక ట్రయల్ అంగీకార పత్రంలో “ఈ మందు ప్రభావాన్ని తెలుసుకోవడానికి మిమ్మల్ని చేర్చుకుంటున్నాం” అని రాశాను. ఇలాంటి పత్రాలను మళ్లీ వేరొకరి చేత ఇంగ్లిష్‌లోకి వెనక్కి అనువదింపజేసి సరిచూస్తారు. ఆ రెండో మనిషి దాన్ని ‘మందు వల్ల కలిగే చెడు ఫలితాలు తెలుసుకోవడానికి’ అనే అర్థంలో రాశారు. ట్రయల్ పత్రాలను పరిశీలించే కమిటీ నుంచి ప్రశ్న వచ్చింది. ఆయన్ని తప్పు పట్టలేను, తెలుగులో అది అలాగే వినపడుతోంది.

దిద్దమంటే ఇలా మార్చాను: “ఈ మందు మీ జబ్బుకు పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికే ఈ పరీక్ష.” దాన్ని చదివి వినిపిస్తుంటే ఒక పెద్దావిడ మధ్యలో ఆపి, “తెలీకుండానే నాకిస్తున్నారా బాబూ?” అని అడిగింది. పక్కనున్న కోఆర్డినేటర్‌కు టెన్షన్ మొదలైంది, ఆవిడ వెళ్లిపోతుందేమోనని. కానీ ఆ పత్రం ఉన్నదే ఆ ప్రశ్న పుట్టడానికి. తనకు అర్థమయ్యే భాషలో సంగతి తెలుసుకున్నాకే మనిషి సంతకం పెట్టాలి అని నిబంధన. మొదటి వాక్యం విని ఉంటే ఆవిడ తలూపి వేలిముద్ర వేసేది. రెండోది విని పావుగంట ప్రశ్నలడిగింది, కొడుకుని పిలిపించుకుంది, తర్వాత ఒప్పుకుంది.

అలాగని ‘ప్రభావం’ ఎక్కడా వాడొద్దని కాదు. ఒకదాని వల్ల ఇంకొకటి మారుతోందని చెప్పాలి, కానీ అది మంచో చెడో తేల్చకూడదు అనే చోట దానికి సాటి లేదు. వర్షపాతం ప్రభావం దిగుబడి మీద ఎంత అంటే బాగుంది. ‘చూపు’ అనే క్రియతో నామవాచకంగా వాడితే హాయిగా ఉంటుంది. ‘వంతమైన’ తగిలించినప్పుడే నాకు పంటి కింద రాయి తగిలినట్టుంటుంది.

‘సమర్థవంతం’ సరైన మాటేనా?

ఇది మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. ‘సమర్థ’ అంటేనే శక్తి గల అని అర్థం. మళ్లీ ‘వంతం’ చేర్చడం గలది గలది అన్నట్టు. వ్యాకరణం పట్టింపున్నవాళ్లు ‘సమర్థమైన’ అని గానీ ‘సామర్థ్యం గల’ అని గానీ రాయమంటారు. వాళ్లు చెప్పేది నిజమే. కానీ ‘సమర్థవంతంగా’ అనేది జనం నోట్లో ఎప్పుడో స్థిరపడిపోయింది, నేను దాన్ని దిద్దడం మానేసి పదేళ్లు దాటింది. నా సొంత రాతలో మాత్రం ‘సమర్థంగా’ అంటాను. రెండక్షరాలు తక్కువ, అర్థం ఏమీ తగ్గదు.

నన్నడిగితే ‘సమర్థత’ మనుషులకు నప్పుతుంది, వస్తువులకు నప్పదు. సమర్థుడైన అధికారి, సమర్థురాలైన సర్పంచి అంటాం. సమర్థుడైన టూత్‌పేస్ట్ అనం కదా. మనిషిలో ఉన్న శక్తిని చెప్పే మాట అది. శక్తి ఉన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. పనిమంతుడు పందిరి వేస్తే కుక్క తోక తగిలి కూలిందట అన్న సామెత అందుకే పుట్టింది. ఎఫెక్టివ్ లీడర్ అని ఉంటే నేను సందర్భాన్నిబట్టి ‘కార్యదక్షుడు’ అనో, ‘అనుకున్న పని జరిపించగలిగే మనిషి’ అనో రాస్తాను. వాడుక తెలుగులో ‘గట్టివాడు’ అంటే సరిపోయే చోట్లు కూడా ఉన్నాయి, కార్పొరేట్ వాళ్లు ఒప్పుకోరు గానీ.

ఒక హెచ్చరిక. ఒకసారి ఒక కొత్త కుర్రాడు ఉద్యోగుల కరపత్రంలో ‘చేతివాటం ఉన్న సిబ్బంది’ అని రాశాడు. చేతికి నేర్పు ఉన్నవాళ్లు అని అతని ఉద్దేశం. ఆ మాటకు ఒకప్పుడు ఆ అర్థం ఉందేమో గానీ, ఇవాళ చేతివాటం అంటే దొంగతనమే. ప్రింటుకు వెళ్లేముందు పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. నేర్పు, ఒడుపు వాడండి. ఒడుపు అనేది మరిచిపోకూడని మాట. తక్కువ బలంతో, తక్కువ శ్రమతో పని తెమల్చడం. ఎఫిషియెన్సీ అంటే అదే కదా. కొబ్బరికాయ ఒలిచేవాడిని చూడండి, బలం కాదు, ఒడుపు.

సామర్థ్యం: జారుడు బండ

ఎఫిషియెన్సీకి చాలామంది ‘సామర్థ్యం’ అంటారు. ఇబ్బందేమిటంటే కెపాసిటీకీ అదే మాట. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ సామర్థ్యం 312 టీఎంసీలు అని ఏటా పేపర్లో చదువుతాం. ఇక్కడ సామర్థ్యం అంటే ఎంత పడుతుంది అని. ఇంధన సామర్థ్యం అంటే ఎంత ఆదా అవుతుంది అని. ‘ఈ ట్యాంకు సామర్థ్యం ఎక్కువ’ అంటే పెద్దదా, బాగా పనిచేస్తుందా? తెలియదు. ఎబిలిటీకి కూడా ఇదే మాట వాడుతున్నాం కాబట్టి ఒక్క మాట మూడు బరువులు మోస్తోంది.

ఇంటర్ భౌతికశాస్త్రంలో ఉష్ణయంత్రం దగ్గర ఎఫిషియెన్సీని ‘దక్షత’ అంటారు. ఖచ్చితమైన మాట. పాఠ్యపుస్తకంలో, సాంకేతిక పత్రంలో అదే వాడండి. ఫ్యాను డబ్బా మీద మాత్రం వాడొద్దు, దక్షత అని చూసి ఫ్యాను కొనేవాడు లేడు. అక్కడ ‘కరెంటు ఆదా’ అని రాస్తే చాలు. బండికైతే ‘మైలేజీ’ ఉండనే ఉంది, దాన్ని తెలుగు చేయబోవడం వృథా శ్రమ.

ఎఫెక్టివ్‌కీ ఎఫిషియెంట్‌కీ తేడా ఎవరికైనా చెప్పాల్సి వస్తే నేను బల్బు చూపిస్తాను. పాత 60 వాట్ల బల్బూ గదిలో వెలుగిచ్చింది, ఇప్పటి 9 వాట్ల ఎల్ఈడీ కూడా దాదాపు అంతే వెలుగిస్తోంది. వెలుగివ్వడంలో రెండూ ఒకటే, రెండూ ‘పనిచేస్తాయి’. కరెంటు తాగడంలో మాత్రం ఆరేడు రెట్లు తేడా.

ఇక్కడే మీ మోటారు పంపు వాక్యం చూద్దాం. ‘హైలీ ఎఫిషియెంట్ అండ్ ఎఫెక్టివ్ పంప్’ అని ఉంది. మీరు ‘అత్యంత సమర్థవంతమైన మరియు ప్రభావవంతమైన పంపు’ అని రాశారు. (ఆ ‘మరియు’ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.) రైతు వైపు నుంచి ఆలోచించండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇచ్చారు. బిల్లు కట్టని రైతుకు మీ పంపు ఎన్ని యూనిట్లు మిగుల్చుతుందన్నది పెద్ద పట్టింపు కాదు. ఆ లెక్క కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ వాళ్లకు కావాలి, సబ్సిడీ భరించే ప్రభుత్వానికి కావాలి. రైతు అడిగేది నీళ్లు బాగా తోడుతుందా, లో ఓల్టేజీలో కాయిల్ కాలిపోతుందా అని. కాబట్టి బ్రోచర్ రైతు కోసమైతే: “నీళ్లు ఎక్కువ తోడుతుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది.” ముందు నీళ్లు, తర్వాత కరెంటు. ఇంగ్లిష్‌లో ఎఫిషియెంట్ ముందుంది గదా అని మీరూ అదే వరసలో పెట్టనక్కర్లేదు.

ఖర్చు సంగతి వచ్చింది కాబట్టి: కాస్ట్ ఎఫెక్టివ్‌కి ‘ఖర్చు ప్రభావవంతమైన’ అని చూశాను, అనువాద సాఫ్ట్‌వేర్ ఉదారంగా ఇస్తుంటుంది. ఖర్చు ప్రభావం చూపితే జేబుకు చిల్లే కదా! దీనికి ఎప్పటినుంచో మన దగ్గర ‘గిట్టుబాటు’ అనే బంగారం లాంటి మాట ఉంది. పంటకు గిట్టుబాటు ధర అంటాం. బేరం గిట్టుబాటైంది, ఆ పద్ధతి మాకు గిట్టుబాటు కాదు. పెట్టిన దానికి తగ్గ ఫలితం వచ్చిందా అనే లెక్క మొత్తం అందులో ఉంది.

టీకా కరపత్రం: ఇక్కడ మాట తప్పితే లెక్కే తప్పుతుంది

ఎఫికసీ, ఎఫెక్టివ్‌నెస్ మామూలు మాటల్లో ఒకటే అనిపించినా వైద్యంలో వేరు. మొదటిది ట్రయల్‌లో, అంటే ఎవరిని చేర్చుకోవాలో, ఎప్పుడు ఎంత డోసు ఇవ్వాలో అన్నీ కట్టుదిట్టంగా ఉన్నప్పుడు తేలిన ఫలితం. రెండోది ఆ మందు ఊళ్లోకొచ్చాక, డోసులు ఆలస్యమైనవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు అందరూ వాడాక కనిపించే ఫలితం. సాధారణంగా రెండో అంకె మొదటిదానికన్నా కాస్త తగ్గుతుంది. నేను వీటికి ‘ట్రయల్‌లో తేలిన రక్షణ’, ‘జనంలో కనిపించిన రక్షణ’ అని రాస్తాను. మందుకైతే రక్షణ బదులు ‘పనితీరు’. డాక్టర్ల కోసం రాసే పత్రమైతే ‘ఎఫికసీ’ అని తెలుగు లిపిలో పెట్టేసి మొదటిసారి వివరణ ఇస్తాను. కొత్త సంస్కృత పదం పుట్టించి ఎవరికీ అర్థం కాకుండా చేయడం కన్నా అది నయం.

శాతం దగ్గర నేను చేసిన తప్పు చెబుతాను. 2021 మొదట్లో ఒక సంస్థ కోసం వాట్సాప్‌లో పంపే ఆరోగ్య సందేశాలు రాశాను. 95 శాతం ఎఫికసీ అని ఉంటే ‘టీకా వేసుకున్న వంద మందిలో 95 మందికి కోవిడ్ రాదు’ అని విడమరిచాను. విడమరిచాననుకున్నాను. రెండు రోజుల తర్వాత ఒక డాక్టరుగారు ఫోన్ చేసి, “ఐదుగురికి ఖాయంగా వస్తుందని చెప్పేశారే” అన్నారు.

అసలు లెక్క ఏమిటంటే, ఫైజర్ టీకా ట్రయల్‌లో 43 వేల పైచిలుకు మంది చేరారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్తుత్తి సూది. రెండో డోసు వేసిన వారం తర్వాత నుంచి లెక్కిస్తే 170 మందికి కోవిడ్ వచ్చింది. అందులో 162 మంది ఉత్తుత్తి సూది వాళ్లు, 8 మంది టీకా వాళ్లు. 162 రావాల్సిన చోట 8 వచ్చాయి కాబట్టి ముప్పు 95 శాతం తగ్గింది. టీకా వేసుకున్న సుమారు 21 వేల మందిలో ఆ కాలంలో జబ్బు పడ్డది ఎనిమిది మందే, ఐదు శాతం కానే కాదు. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్ ట్రయల్‌లో 130 కేసులు వస్తే 106 ఉత్తుత్తి సూది వైపు, 24 టీకా వైపు. దాన్ని 77.8 శాతం అని ప్రకటించారు.

కాబట్టి సరైన తెలుగు: “టీకా వేసుకోనివాళ్లతో పోలిస్తే వేసుకున్నవాళ్లకు జబ్బు వచ్చే ముప్పు 95 శాతం తగ్గింది.” పొడవు పెరిగింది, అవును. కానీ ‘95 శాతం ప్రభావవంతమైన టీకా’ అన్నప్పుడు పాఠకుడు తన బుర్రలో ఏ లెక్క వేసుకుంటాడో మీ చేతిలో ఉండదు. నేనే తప్పు లెక్క వేశాను కదా.

మందుల విషయంలో ఇంకొకటి. ‘ఎఫెక్టివ్ ఎగైనెస్ట్’ అని ఉన్న ప్రతిచోటా ‘నయం చేస్తుంది’ అని రాసేస్తుంటారు. తగ్గించడం, ఉపశమనం ఇవ్వడం, రాకుండా చూడటం, నయం చేయడం ఈ నాలుగూ వేరు. ‘నివారణ’ మరీ మోసకారి మాట. డాక్టర్లు రాకుండా చూడటానికి వాడతారు, జనం నొప్పి నివారిణి అన్నప్పుడు వచ్చినదాన్ని పోగొట్టే అర్థంలో తీసుకుంటారు. పురుగుమందు లేబుల్ మీద మూడో అర్థం, అదుపు చేయడం. నేను అనుమానం వచ్చిన చోటల్లా ఆ మాట తీసేసి ‘రాకుండా’ అనో ‘వచ్చాక తగ్గడానికి’ అనో విడదీస్తాను.

ప్రకటనల్లో ‘రామబాణం’, ‘అమోఘం’ గురించి కూడా ఒక మాట. అమోఘం అంటే మోఘం కానిది, అంటే వ్యర్థం కానిది. ఎంత వినయమైన మాటో చూడండి, ‘వృథా పోదు’ అని మాత్రమే దాని మూలార్థం. ఇప్పుడది ఆకాశానికెత్తే మాటైంది. రామబాణం అంటే గురి తప్పనిది. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బుల పేరు పక్కన ఇలాంటివి రాసే ముందు ఆగండి. కొన్ని జబ్బులకు మందు ఉందని ప్రకటించడాన్నే 1954 నాటి ‘డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్’ చట్టం నిషేధిస్తుంది. ఇంగ్లిష్‌లో ‘హెల్ప్స్ మేనేజ్’ (అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది) అని జాగ్రత్తగా రాసుకున్నదాన్ని మనం తెలుగులో రామబాణం చేసి క్లయింటు మెడకు తగిలించకూడదు.

హస్తవాసి గురించి చెప్పకుండా వదలలేను. అదే మాత్ర, అదే డోసు, కానీ “ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది” అంటారు. మందు గుణాన్ని ఇచ్చిన చేతికి కట్టబెట్టడం. అచ్చిరావడం కూడా అలాంటిదే, ఆ ఇల్లు మాకు అచ్చొచ్చింది అంటాం. హైదరాబాద్ వైపు డబ్బులకు ‘బర్కత్’, అంటే కలిసొచ్చే గుణం, ఉండాలంటారు. అనువాదంలో వీటితో పని తక్కువే, కానీ ఫలితం ఎక్కడినుంచి వస్తుందని మనవాళ్లు అనుకుంటారో తెలుస్తుంది.

‘ఎఫెక్టివ్’ అంటే ఫలితమే కాని చోట్లు

డబ్బు లెక్కల్లో ఎఫెక్టివ్ అంటే ‘అసలుకు’, ‘వాస్తవంగా’ అని. లక్ష రూపాయల అప్పు, ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీ అన్నారనుకోండి. మనవాళ్ల లెక్కలో నూటికి రూపాయి వడ్డీ, చవకే అనిపిస్తుంది. నెలకు 9,333 చొప్పున పన్నెండు వాయిదాలు. కానీ ప్రతి నెలా అసలు కొంత తీరుతున్నా వడ్డీ మాత్రం పూర్తి లక్ష మీదే పడుతోంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కవేస్తే అది 21 శాతం దాటుతుంది. దీన్ని ‘ప్రభావవంతమైన వడ్డీ రేటు’ అని రాసిన యాప్ ఒకటి చూశాను. ‘వాస్తవంగా పడే వడ్డీ’ అని రాయాల్సింది. ఆ ఒక్క మాట సరిగా ఉంటే అప్పు తీసుకునేవాడు ఒక్క క్షణం ఆగేవాడు.

తేదీ దగ్గర గొడవే లేదు. ప్రభుత్వ ఉత్తర్వులు ఎప్పటినుంచో ‘అమల్లోకి వస్తుంది’ అనే అంటున్నాయి. జీఎస్టీ 2017 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది అంటాం, ప్రభావవంతమైంది అనం. మీ పాలసీ పత్రంలో ‘అమలు తేదీ’ రెండు ముక్కల్లో అయిపోతుంది, ఫారంలో గడి చిన్నదైనా పడుతుంది.

రివ్యూయర్లతో ఏం చేయాలని చివర్లో అడిగారు. వాళ్లిద్దరూ మార్చి మార్చి దిద్దుతున్నారంటే ఇంగ్లిష్ వాక్యంలోనే స్పష్టత లేదని అర్థం చేసుకోండి. నేనైతే మార్పు ఒప్పుకునే ముందు క్వెరీ షీట్లో, అంటే క్లయింటుకు సందేహాలు పంపే పట్టికలో, ఒక్క ప్రశ్న రాస్తాను: “ఇక్కడ ఎఫెక్టివ్ అంటే ఫలితం వస్తుందనా, ఖర్చు తగ్గుతుందనా, అమల్లో ఉందనా?” జవాబు వస్తే మాట దానంతటదే దొరుకుతుంది. క్లయింటు గ్లాసరీలో (ఏ మాటకు ఏది రాయాలో ఇచ్చే పదపట్టికలో) ‘ఎఫెక్టివ్ డేట్ = ప్రభావవంతమైన తేదీ’ అని గడ్డకట్టుకుపోయి ఉంటే మాత్రం సొంతంగా మార్చకండి, పాత ఫైళ్లతో పొంతన కుదరక ఇంకో గొడవ మొదలవుతుంది. గ్లాసరీ చూసేవాళ్లకు మెయిల్ పెట్టండి, కింద ఏదైనా జీవోలోని ‘అమల్లోకి వస్తాయి’ అనే వాక్యం ఒకటి జతచేయండి. నాకు అలా రెండుసార్లు మార్చారు, ఒకసారి జవాబే రాలేదు.